మెడ మీద వేసిన అబద్ధం

పోయిన వారం మనం దూలాన్ని క్లబ్బు భోజనాల హాల్లో, నిలువుగుడ్లు వేసుకుని నిలబడ్డచోటే వదిలేశాం. ఎదురుగా ఒక పెద్దాయన. ఒకప్పుడు దేశం జట్టుకి ఆటగాళ్ళని ఎంపిక చేసిన మనిషి, ఇప్పుడు చేతికర్ర పట్టుకుని సన్మానాలకి తిరుగుతున్నాడు. ఆ కర్రని చంకలో ఇరికించుకుని, దూలం మెడ మీద ఆప్యాయంగా తట్టి, "ఇప్పుడెలా ఉందయ్యా మెడ? అప్పట్లో అది దెబ్బతినకపోతే కుడివైపు నిన్నే పెట్టుకునేవాళ్ళం. మీ క్లబ్బునుంచే ఫోనొచ్చింది, స్క్రమ్‌లో తల పెడితే మనిషి దక్కడని" అన్నాడు.

దూలం మెడకి బుద్ధెరిగాక జలుబు కూడా చేయలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి దూలం ఎవరో చెప్పాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతను కూడా ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తాడు. మెడా భుజాలూ ఒకే మానులోంచి చెక్కినట్టుంటాయని రగ్బీ మైదానంలో దూలమని పిలవడం మొదలుపెట్టారు, అదే ఖాయమైపోయింది. రగ్బీలో బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాళ్ళ ఫొటోలు పేపర్లో పడతాయి. ఇటు ఎనిమిది మందీ అటు ఎనిమిది మందీ తలలు దూర్చుకుని కోడెల్లా తోసుకుంటారే, ఆ స్క్రమ్‌లో ముందు వరుస ముగ్గురి మొహాలు మాత్రం వాళ్ళింట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండవు. ఆ ముగ్గురిలో రెండు చివర్లా ఉండేవాళ్ళని ప్రాప్‌లంటారు, కుడి చివర ప్రాప్ దూలం. ఎదుటివాళ్ళ బరువంతా ముందు నుంచి, సొంతవాళ్ళ తోపంతా వెనక నుంచి, రెంటికీ నడుమ అతని మెడ. అలా పదిహేనేళ్ళు ఒక్క క్లబ్బుకే ఆడాడు. పెద్ద క్లబ్బులు పిలిస్తే, "మావాళ్ళని వదిలి ఎక్కడికి పోతానండీ" అన్నాడు. చెవులు రెండూ నలిగి నలిగి పిసికిన పిండిముద్దల్లా అయ్యాయి. ముందుపళ్ళు కట్టించుకున్నవే. ఇన్నింటిలోనూ అతనికున్న దిగులు ఒక్కటే. దేశం జెర్సీ ఒక్కసారి కూడా ఒంటిమీద పడలేదు. తనకంత స్థాయి లేదులే అనుకుని, ఆ దిగులు పైకి చెప్పకుండా మింగేశాడు.

స్థాయి ఉందని ఇప్పుడు తెలిసింది. మధ్యలో ఎవరో ఫోన్ చేశారు, అంతే.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు. అతని భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే మనిషి, ఇంట్లోనూ ఆ కాలు తియ్యదు. సంగతంతా విని, "ఎవరు చేసుంటారనుకుంటున్నావ్?" అని అడిగింది.

"ఇంకెవరు? ఆ ఏడు మా క్లబ్బులోంచి దేశం జట్టుకి వెళ్ళింది ఒక్కడేగా."

"మీ బావా?"

దూలం అప్పుడు వంగి బూటు లేసు లాగాడు.

"చూడు, అడగకుండా మాత్రం తిట్టకు. అడిగాక నీ ఇష్టం, నేను అడ్డురాను" అందామె.

బావంటే అక్క భర్త. ముందు వరుసలో నడిమివాడిగా ఆడినవాడు. నడిమివాడి పని రెండు చేతులూ చెరోపక్క ప్రాప్‌ల భుజాల మీద వేసి వేలాడుతూ, కాలితో బంతిని వెనక్కి లాగడం. అంటే ఏళ్ళ తరబడి ఆయన కుడిచెయ్యి దూలం భుజం మీదే ఉంది. ఆయన బరువు ఇతను మోశాడు, ఆయన చెమట ఇతని కళ్ళల్లో పడింది. ఆట మానేశాక ఆయన అదే క్లబ్బుకి కోచ్ అయ్యాడు. ఎల్లుండి జరగబోయేది దూలానికి ఆఖరి మ్యాచ్. ఊరంతా పోస్టర్లు వేయించింది కూడా ఆ బావే.

మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసు.

మైదానం తడిగా ఉంది. ఒక మూల స్క్రమ్ యంత్రం, అంటే ఇనప చట్రానికి ముందువైపు తోలు మెత్తలు బిగించిన పెద్ద బండి. ఎనిమిది మంది ఆ మెత్తల్లో భుజాలు పెట్టి తొయ్యాలి. బరువు చాలదని కోచ్ దానిమీదెక్కి నిలబడతాడు. ఆ రోజూ ఎక్కాడు, నోట్లో విజిల్‌తో, పొట్ట ముందుకి పెట్టి.

ముందు వరుస వచ్చి వంగింది. ఎడమ ప్రాప్‌ని అందరూ సైలెన్సర్ అంటారు. అది లేని మోటారుసైకిల్లా ఉంటుంది గొంతు, అందుకని. నడిమివాడు కొత్తవాడు, తనకంటూ ఒక నిక్‌నేమ్ ఇంకా సంపాదించుకోలేదు.

"క్రౌచ్!" కోచ్ అరిచాడు. "బైండ్! సెట్!"

ఏడుగురు తోశారు. దూలం వంగాడు గానీ భుజం పెట్టలేదు. కుడివైపు ఆసరా లేక వరుసంతా పక్కకి ఒరిగి, ఒకరిమీదొకరు బురదలో పడ్డారు. సైలెన్సర్ అడుగున పడ్డాడు. అతను తిట్టిన తిట్లు క్లబ్బు గేటు బయట బస్సుకోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినపడ్డాయంటారు.

కోచ్ విజిల్ తీసి, నవ్వుతూ అడిగాడు. "ఏరా, ఏమైంది? మెడ పట్టేసిందా?"

పాపం, మామూలుగానే అడిగాడు. కానీ ఇంకే మాట వాడినా ఆ పొద్దు మరోలా గడిచి ఉండేదేమో.

దూలం నిలబడ్డాడు. "నా మెడకేమైంది బావా?"

మైదానంలో అతను ఆయన్ని బావా అని పిలవడు. కోచ్ అంటాడు. ఆ తేడా ముందు సైలెన్సర్‌కి తెలిసింది. బురదలోంచి లేవబోయేవాడల్లా అలాగే కూర్చుండిపోయాడు.

"అరే, ఊరికే అన్నాన్రా. పొజిషన్ తీసుకో."

"నా మెడకి ఎప్పుడైనా ఏమైనా అయిందా? నీకు తెలిసి. చెప్పు. నా తల పక్కన తల పెట్టి ఆడినవాడివి, నీకంటే బాగా ఎవడికి తెలుస్తుంది?"

కోచ్ మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. "నిన్న ఆ ముసలాయన ఏమన్నా వాగాడా?"

"వాగలేదు. నయమైందా అని కుశలం అడిగాడు. ఎంత మర్యాదస్తుడో! మనింట్లోవాళ్ళకి లేని పట్టింపు ఆయనకుంది."

"ఇంటి విషయాలు ఇక్కడ కాదు. ప్రాక్టీసయ్యాక మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడదాం. పోగొట్టుకున్నది ఇక్కడేగా! వీళ్ళందరూ వినాలి. రేపటి తరవాత వీళ్ళలో ఒకడు నా చోట తల పెడతాడు. ఎవణ్ణి నమ్మి పెడుతున్నాడో తెలుసుకోనీ." దూలం గొంతు పెంచలేదు. అతనికి కోపమొస్తే గొంతు దిగుతుంది, అది ఇంకా భయంగా ఉంటుంది. "ఫోన్ చేసింది నువ్వేనా?"

"కాదు."

"ఒట్టు?"

"మీ అక్క మీదొట్టు. నేను చెయ్యలేదురా."

ఆ మాటలో అబద్ధం లేదని దూలానికి అర్థమైంది. అన్నేళ్ళు ఒకరి ఊపిరి ఒకరు పీల్చినవాళ్ళు. బావ ఎప్పుడు అబద్ధమాడతాడో, ఎప్పుడు నిజం చెబుతాడో ఊపిరిని బట్టి చెప్పగలడు. కానీ నిజం చెప్పినవాడు కళ్ళెందుకు దించుకోవాలి?

"నువ్వు చెయ్యలేదు సరే. చేశారని తెలుసా?"

కోచ్ యంత్రం మీదున్న ఇనప కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

"తెలుసా, తెలీదా?"

"అప్పుడు తెలీదు. దేశం జట్టు క్యాంపుకి వెళ్ళాక తెలిసింది. మొదటిరోజే ఆ ముసలాయన నన్ను పక్కకి పిలిచి, 'మీ కుడి ప్రాప్‌కి మెడ అంత పాడైందటగా, పాపం' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అన్లేదు."

"ఏమీ అనకపోతే ఆయనెలా నమ్మాడు? ఆ వారమే నేను మ్యాచ్ ఆడాను. నువ్వు ఒక్కమాట, 'లేదండీ, వాడు శుభ్రంగా ఉన్నాడు' అనుంటే చాలదూ?"

కోచ్ చివరికి, ఆ మాట ఎవరో గొంతులోంచి లాగుతున్నట్టు, "తలూపాను" అన్నాడు.

"ఏంటీ?"

"నోటితో ఏమీ చెప్పలేదురా. తలూపాను. అంతే."

బురదలో కూర్చున్న సైలెన్సర్ నోరు తెరిచి, మొదటిసారిగా ఏమీ అనకుండా మూసుకున్నాడు.

ఆ రోజులు దూలం కళ్ళముందు గిర్రున తిరిగాయి. బావకి క్యాంపునుంచి పిలుపొచ్చిందని వీధంతా చెప్పుకు తిరిగింది తనే. బస్టాండు దాకా బావ బ్యాగు మోసింది తనే. బస్సు కదిలాక కూడా చెయ్యూపుతూ పరుగెత్తి, పళ్ళ బండిని గుద్దుకుని అందరిచేతా నవ్వించుకున్నది తనే. ఆ తరవాత ఏటేటా జట్టు ప్రకటించిన రోజున టీవీ ముందు కూర్చుని, తన పేరు లేదని చూసి, లేచెళ్ళి ఇంకా ఎక్కువ బరువులెత్తాడు. ఒకసారి మెడ పోయిందని పేరుపడ్డ ప్రాప్‌ని ఏ జట్టూ ముట్టుకోదు. ఆ సంగతి అతనికి తెలుసు. తన మీద ఆ ముద్ర ఉందనే తెలీదు.

"తలూపావా?" అన్నాడు దూలం. "పెద్ద క్లబ్బువాళ్ళు నన్ను పిలిచినప్పుడు ఏమన్నావో గుర్తుందా? 'నువ్వు పోతే నా కుడిచెయ్యి ఎవరి మీద వెయ్యనురా' అన్నావ్. ఆ ఒక్క మాటకి ఆగిపోయాను. సిగ్గులేదూ? అప్పుడైనా ఊపకపోయావా ఆ తల అడ్డంగా!"

"నాకూ భయమేసిందిరా. ఆ ఫోన్ అబద్ధమంటే, ఎవరు చేశారని కూపీ లాగుతారు. క్లబ్బు పరువు పోతుంది. నన్ను కూడా వెనక్కి పంపిస్తారేమోనని..."

ఆ మాట పూర్తి కాలేదు. దూలం వంగాడు. ఈసారి భుజం పెట్టాడు. ముగ్గురు లేనిదే చలించని బండి అది, పైన నిండు మనిషి నిలబడి ఉన్నాడు. కాళ్ళు బురదలో కూరుకున్నాయి, పిక్కలు రాళ్ళయ్యాయి. ఎలుగ్గొడ్డు మూలిగినట్టు ఒక మూలుగు వచ్చింది. యంత్రం కిర్రుమని కదిలింది. కోచ్ పట్టు తప్పి, కమ్మీని కావిలించుకున్నాడు. బండి ఇంకాస్త కదిలింది. తరవాత ఆగలేదు. మైదానం గీత దాటించి, కంచె దాకా తోసుకుపోయాడు. ఇనప చట్రం కంచెకి తగిలి ఠంగుమంది.

"దిగు" అన్నాడు దూలం తలెత్తకుండానే. "దిగి చెప్పు. నువ్వు కాకపోతే ఎవరు చేశారు? ఆ సంగతి కూడా నీకు తెలుసు."

"నన్నడక్కురా."

"ఎవరు?"

"దణ్ణం పెడతాను, నన్నడక్కు."

"ఆయన్నెందుకు నలిపేస్తావ్? నేను చేశాను."

అక్క వచ్చింది. క్లబ్బు ఆఫీసు మైదానం పక్కనే. టిక్కెట్లు, జెర్సీల చాకలిలెక్కలు, ఫోన్లు అన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. కంచె చప్పుడుకి పరుగెత్తుకొచ్చినట్టుంది, కళ్ళజోడు తలమీదే ఉంది. వగర్చుతోంది గానీ, మాట వణకలేదు.

దూలానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "నువ్వేం చేశావక్కా?"

"ఫోన్. నేనే చేశాను. క్లబ్బు ఆఫీసునుంచి మాట్లాడుతున్నానన్నాను. మీ జాబితాలో ఉన్న కుడి ప్రాప్‌కి మెడ దెబ్బతిందన్నాను."

"ఎందుకు?"

"మీ ఇద్దరి పేర్లూ వచ్చాయిరా. ఆయనదీ, నీదీ. ముందే ఆ పెద్దాయన ఆఫీసుకి ఫోన్ చేసి నాతో చెప్పాడు. ఆ వారమే నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మన కలప డిపోలో రంపాలు నడిపేవాళ్ళు లేరు, సగం కోసిన దుంగలు వానలో నానుతున్నాయి. మీరిద్దరూ టూరని నెలలు నెలలు పోతే ఏం చెయ్యను? నా కడుపులో పిల్ల కూడా ఉంది."

అది నిజమే. ఆ ఏడాదంతా పొద్దున కలప డిపోలో దుంగలు మోసి, సాయంత్రం స్క్రమ్‌లో మనుషుల్ని మోశాడు దూలం. ఎవరూ అడగలేదు. తనంతట తనే చేశాడు.

"అడగాల్సింది" అన్నాడు. అతని గొంతు ఇప్పుడు పైకి లేచింది. "ఒక్క మాట అడగాల్సిందక్కా! 'ఒరేయ్, ఇదీ పరిస్థితి, నువ్వాగిపోరా' అనుంటే నేనాగనా? నాన్నని వదిలిపెట్టి పోయేవాణ్ణా నేను? నేనే ఫోన్ చేసి రానని చెప్పేవాణ్ణి. 'పిలిచారు, నేను వెళ్ళలేదు' అనుకుని దర్జాగా బతికేవాణ్ణి. ఇన్నేళ్ళూ ఎలా బతికానో తెలుసా? పనికిరానివాణ్ణని! నాకంత ఆట లేదని! అద్దంలో మొహం చూసుకుంటూ ఎన్నిసార్లనుకున్నానో తెలుసా నీకు?"

"నువ్వాగిపోతావని తెలుసురా. అందుకే అడగలేదు."

"అదేం మాట?"

"అడిగితే నువ్వు సంతోషంగా వదిలేస్తావు. నవ్వుతూ వదిలేస్తావు, నీ సంగతి నాకు తెలీదూ? ఆ తరవాత జన్మంతా నీ మొహం చూసినప్పుడల్లా నా మొగుడి జెర్సీ నువ్వు వదిలిపెట్టిందే అని నాకు గుర్తొస్తుంది. ఆ బరువు నా వల్ల కాదనుకున్నాను." ఆమె కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "తెలీకుండా చేస్తే నాకే తెలుస్తుంది, నేనే పడతాను అనుకున్నాను. చెడ్డదాన్నే. అనరా, ఏమంటావో అను. పడతాను."

దూలం తిట్టడానికి పెద్ద మాటేదో వెతికాడు, దొరకలేదు. చిన్నప్పుడు అమ్మ పోయాక తల దువ్వి, బొత్తాలు పెట్టి బడికి పంపిన మనిషి. తిట్టు నాలిక దాకా వచ్చి, అక్కడ ఆమె మొహం చూసి వెనక్కి పోయింది. అలా వెనక్కి పోయినందుకు తనమీద తనకే ఇంకా మంటెత్తింది.

"రేపు నేను ఆడను" అన్నాడు.

"ఒరేయ్!" కోచ్ యంత్రం మీదినుంచి దూకాడు. "నన్నేమన్నా అను. నీ బదులు ఆడేవాడు మోకాలి కట్టుతో ఉన్నాడు, కుడివైపు నిలబడేవాడు ఎవడూ లేడు. నీ ఆఖరి మ్యాచ్‌రా! ఊరంతా నీకోసం వస్తోంది."

"వచ్చినవాళ్ళకి నువ్వే చెప్పు. మెడ బాలేదని."

సైలెన్సర్ లేచి నిలబడ్డాడు. బురద దులుపుకోలేదు. "అలాగైతే ఎడమవైపు కూడా మనిషి లేడని చెప్పండి కోచ్" అన్నాడు. ఆ గొంతుతో అంత మెల్లగా మాట్లాడగలడని ఎవరూ అనుకోలేదు.

దూలం బ్యాగు భుజాన వేసుకుని గేటువైపు నడిచాడు. అక్క వెనకే రెండడుగులు వచ్చింది.

"ఇంకొక్కటి వినరా. ఎవరో ఒకరి నోటి వెంట వినేకంటే నా దగ్గరే విను. ఆ ఆలోచన నాది కాదు."

దూలం ఆగాడు.

"నాన్న మంచంమీద పడుకుని పిలిచాడు. ఇద్దర్లో ఒకరే వెళ్ళాలమ్మా అన్నాడు. ఎవరో నువ్వే తేల్చు, మళ్ళీ నాకు చెప్పకు అన్నాడు." ఆమె కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "నేను తేల్చాను. అంతే."

కలప డిపో అక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరమే. ఆ పది నిమిషాలూ దూలం ఎవర్ని దాటుకుని వెళ్ళాడో, ఎవరు పలకరించారో తెలీదు. దారిలో తన బొమ్మతో ఉన్న పోస్టరొకటి కనిపిస్తే, ఒక్క గుంజు గుంజి చింపి కాలువలో పడేశాడు.

లోపల రంపం నడుస్తోంది. రంపపు పొట్టు గాలిలో తేలుతోంది. గుమ్మం పక్కన, ఎప్పుడూ కూర్చునే చెక్క కుర్చీలో నాన్న ఉన్నాడు. ముడుచుకుపోయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో ఒక పలక అంచుని తడిమి చూస్తున్నాడు. కొడుకు బురద బూట్లతో ఎదురుగా వచ్చి నిలబడితే తలెత్తాడు. ఆ మొహం చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"అది చెప్పేసిందా?" అన్నాడు.

దూలం బ్యాగు కింద పడేశాడు. "చెప్పింది. నన్ను అమ్మేసి, అమ్మకం అక్కచేత చేయించావట. నీ నోటితో కూడా చెప్పు, వింటాను. కన్నకొడుకునేగా, ఎందుకు నాన్నా? మా ఇద్దర్లో ఒకళ్ళం మాత్రమే ఎందుకు? డిపోలో ఈ రంపపు మిల్లు మూసేస్తే ఏం పోయేది?"

ముసలాయన పలకని జాగ్రత్తగా గోడకి ఆనించాడు. రంపం దగ్గరున్న పనివాడికి ఆపమని సైగ చేశాడు. అది తిరిగి తిరిగి ఆగింది. అంత చప్పుడు తరవాత వచ్చిన నిశ్శబ్దంలో ఆయన ఊపిరి బరువుగా వినపడింది.

"మిల్లు కోసం కాదురా" అన్నాడు. "మిల్లని దానికి చెప్పాను. నమ్మింది. దానికి తెలిసింది అంతవరకే." పనివాడివైపు చూసి, "నువ్వెళ్ళి టీ తాగిరా" అని పంపేశాడు. వాడు బయటికి వెళ్ళేదాకా చూశాడు. తరవాత ఎడంచెయ్యి కుర్చీ మీద ఊని, ఎన్నడూ లేనిది, కొడుకు ఎదుట లేచి నిలబడటానికి ప్రయత్నించాడు.

"నీ పేరుతో పాటు మీ బావ పేరు ఎలా వచ్చిందో తెలుసా? వాళ్ళడిగింది నిన్నొక్కణ్ణే" అన్నాడు. "ముందు ఆ షట్టర్ దించు."